శీను పెట్టె ఖాళీ అయిన రోజులు

మా వైపు ఎవరింట్లో ఏ వింత జరిగినా చివరికి నాకు కబురొచ్చేది. నేను వెళ్లి కారణం చెబుతానని వాళ్ల నమ్మకం. ఒకరింట్లో గోడలోంచి ఎవరో కొడుతున్నట్టు చప్పుడొస్తోందంటే వెళ్లి చూశాను. కుళాయి గొట్టంలో గాలి చేరింది. ఇంకొకరింట్లో చనిపోయిన పెద్దాయన దగ్గు వినిపిస్తోందన్నారు. అటక మీద పిల్లి ఈనింది. దయ్యం అనే మాట నా దగ్గర ఎవరైనా అంటే నాకు నవ్వే వచ్చేది.

పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా తిరువూరు గ్రంథాలయంలోనే. మెదడు ఎలా పనిచేస్తుంది, కలలు ఎందుకొస్తాయి, జ్ఞాపకం మనల్ని ఎలా మోసం చేస్తుంది, ఇవన్నీ అక్కడి బల్లల దగ్గర కూర్చుని చదివాను. ఏ బీరువాలో ఏ పుస్తకం ఉందో లైబ్రేరియన్ కంటే ముందే చెప్పగలను. ఈ మాట గొప్పకే చెబుతున్నాను, ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే దాంట్లో నా గొప్పంతా పోయింది.

నాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే రోడ్డు మీద మనిషి కనపడడు. షట్టరు సగానికి దించి, ఫ్యాన్ కింద కూర్చునేవాణ్ణి. ఆ వేళలోనే మా ఆట నడిచేది.

ఆటని నా కంప్యూటర్లో ఎక్కించింది మా అమ్మాయి సింధు. ఇంటర్ చదువుతోంది. అది తుపాకులతో కాల్చుకునే ఆట కాదు. అదొక పెద్ద లోకం. అడవులు, మంచుకొండలు, చిత్తడి నేలలు, సముద్రం, పొద్దు వాలితే బయటికొచ్చే రాక్షసులు. చేతిలో ఏమీ లేకుండా అందులో పడతాం. రాళ్లు, కర్రలు ఏరుకుని గొడ్డలి చేసుకోవాలి. చెట్లు నరికి ఇల్లు కట్టుకోవాలి. మనిషికి ఆకలేస్తుంది, చలేస్తుంది. ఒక్కడివల్ల అయ్యే పని కాదు. తోడు ఉండి తీరాలి.

ఇంకో సంగతి చెప్పాలి, ముందు ముందు అవసరం పడుతుంది. ఆ లోకం ఉండేది నా షాపు కంప్యూటర్లో. నేను తెరిస్తేనే మిగతావాళ్లు తమ తమ ఇళ్ల నుంచి అందులోకి రాగలరు. నేను మూసేస్తే ఆ లోకం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. మళ్లీ తెరిచేదాకా అందులో ఒక ఆకు కూడా పెరగదు.

మేం ముగ్గురం ఆడేవాళ్లం. నేను షాపులో, సింధు ఇంటి దగ్గర తన ల్యాప్‌టాప్‌లో, మూడోవాడు శీను పెనుగొలనులో.

శీను నా భార్య పద్మకి తమ్ముడు. నాకు ఒక్కగానొక్క బావమరిది. మా అత్తమామలు పోయాక పద్మే వాడికి అమ్మ. డిగ్రీ చదివి కూడా ఊళ్లోనే ఉండి పత్తి, మామిడి చూసుకునేవాడు. పెళ్లి కాలేదు. సంబంధాలు చూస్తూనే ఉన్నాం. ఉదయమంతా నిజం చేలో ఉండి, మధ్యాహ్నం ఆ ఆటలో ఉన్న చేలోకి వచ్చేవాడు. వాడికి రాక్షసులతో పనిలేదు. దున్నడం, నాటడం, కోయడం, అంతే.

హెడ్‌ఫోన్లో వాడి గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"బావా, నీ చేతికి గొడ్డలి ఇచ్చిన దగ్గర్నుంచి చెట్లకంటే నా వీపే ఎక్కువ దెబ్బలు తింటోంది."

"అడ్డం రాకుండా ఉండరా అయితే."

"నేను పొయ్యి దగ్గర కూర్చుని కూర కలుపుకుంటున్నా. చెట్టు ఆ పక్కన ఉంది."

సింధు అందుకునేది. "మామయ్యా, నాన్న పుస్తకం చదివి నరుకుతున్నాడు. చెట్టు ఎటుందో ఉన్న పేజీ ఇంకా రాలేదు."

ఆ చేలో శీను చేసిన ఒక పని చూసి మేం చాలా రోజులు నవ్వుకున్నాం. మా వైపు పత్తి చేను చుట్టూ ఒక వరస ఆముదం వేస్తారు, పురుగు ముందు దాని మీద పడుతుందని. వాడు ఆటలో కూడా పంట చుట్టూ వేరే రకం మొక్కలు ఒక వరస వేశాడు. "ఒరేయ్, ఈ లోకంలో పురుగే లేదురా" అన్నాను. "ఇవాళ లేదు" అన్నాడు.

మా ఇంటి లోపల గోడ వెంబడి మూడు చెక్కపెట్టెలు ఉండేవి. ఒక్కొక్కరికి ఒక్కటి, పైన పేరు రాసిన చెక్క. పంట కోసినప్పుడల్లా శీను దాన్ని వాటాలు వేసేవాడు. మూడు సమానమైన కుప్పలు. మిగిలితే ఆ మిగిలింది సింధు కుప్పలో పడేది. మేనకోడలి వాటా అనేవాడు. విత్తనాలు మాత్రం పంచేవాడు కాదు. నా పెట్టెలో పెట్టరా అని అడిగాను ఒకసారి. "పంట ఎవరికైనా ఇవ్వొచ్చు బావా. విత్తనం చేసేవాడి దగ్గరే ఉండాలి" అన్నాడు. వాడి పెట్టెలో పై వరసంతా విత్తనాలే.

వానలు మొదలయ్యాయి. పత్తి గింజలు పెట్టే రోజులు. శీనుకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని బిళ్లలు వేసుకుంటూ చేలోకి వెళ్లాడు. ఒకరోజు పొద్దున్నే వాడి పెదనాన్న కొడుకు రమేశ్ ఫోన్ చేశాడు. శీను లేపితే లేవడం లేదని, లేచినా ఏదేదో మాట్లాడుతున్నాడని. మేం వెళ్లేసరికి ఆ మాటలు కూడా ఆగిపోయాయి. తిరువూరులో చూసిన డాక్టర్లు వెంటనే విజయవాడ తీసుకెళ్లమన్నారు. అక్కడ జ్వరం మెదడుకెక్కిందని, మెదడు వాచిందని చెప్పారు. ఐసీయూలో పెట్టి గొంతులో గొట్టం వేశారు.

బయట ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. లోపలికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పంపేవాళ్లు, అదీ ఒక్కొక్కర్ని. డాక్టరుగారు బయటికి రాగానే నేను లేచి నిలబడేవాణ్ణి. ఆయన వాడే మాటలన్నీ నాకు అర్థమయ్యేవి. మెదడు పొరలు తెలుసు, వాపు తెలుసు, నరాలు తెలుసు. అయినా ఆయన చివరికి చెప్పేది ఒకటే. "చూడాలండి." నేను చదివిందంతా తీసుకెళ్లి అక్కడ పోసినా ఆ ఒక్క మాటకి సరిపోలేదు.

పద్మ నా వైపే చూసేది. "ఏమండీ, మీరు ఇవన్నీ చదివారు కదా. ఏమవుతుంది వాడికి?"

"తగ్గుతుంది" అన్నాను. ఏ పుస్తకంలోనూ ఆ మాట లేదు.

పద్మ, రమేశ్ అక్కడే ఉండిపోయారు. సింధుకి కాలేజీ ఉంది, ఒంటరిగా వదల్లేం. నేను తిరువూరు వచ్చి పొద్దున కాసేపు షాపు తీసి, తర్వాత బస్సెక్కి విజయవాడ వెళ్లి, సాయంత్రం చూసి తిరిగొచ్చేవాణ్ణి.

అలా వచ్చిన మొదటి పొద్దున షాపులో పని చేయబుద్ధి కాలేదు. ఆట తెరిచాను. ఆడటానికి కాదు. వాడు వేసిన చేను చూద్దామని. చేను అలాగే ఉంది, చుట్టూ ఆ పనికిరాని వరసతో సహా. ఇంట్లోకెళ్లి వాడి పెట్టె తెరిచాను. నిండా ఉంది. ఇనుము, తోళ్లు, ధాన్యం, ఎండబెట్టిన చేపలు, పైన విత్తనాలు. కాసేపు చూసి మూసేశాను.

మర్నాడు పొద్దున మళ్లీ తెరిచాను. వాడి పెట్టెలో ధాన్యం లేదు. చేపలు లేవు. నా పెట్టె తెరిస్తే అందులో ఉన్నాయి. సింధు పెట్టెలోనూ ఉన్నాయి. లెక్క చూస్తే రెండూ సమానం, సింధు దాంట్లో ఒకటి ఎక్కువ.

సింధు చేసిందనుకున్నాను. దిగులు తట్టుకోలేక ఏదో చేసుంటుందిలే అనుకుని ఇంటికెళ్లి మెల్లగా అడిగాను.

"మామయ్య లేకుండా నేనెందుకు తెరుస్తాను నాన్నా?" అంది. తర్వాత తనే అంది, "అయినా నువ్వు తెరవకుండా నేనెలా రాగలను?"

నిజమే. ఆ మాట నాకు తట్టాల్సింది. షాపు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. కంప్యూటర్ పాస్‌వర్డ్ తనకి తెలియదు.

ఆ సరుకంతా తీసి మళ్లీ శీను పెట్టెలో పెట్టాను. మర్నాటికి మళ్లీ పంచేసి ఉంది. ఈసారి ఇనుము కూడా.

అప్పుడు నా పాత పద్ధతిలోకి దిగాను. వింత అన్నది ఉండదు, మనం చూడని కారణం ఉంటుంది. ఇంటర్నెట్ వైరు పీకేశాను, బయటి నుంచి ఎవరూ రాకుండా. పాస్‌వర్డ్ మార్చాను. వెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేశాను. అయినా పొద్దున్నకి సరుకు పంచి ఉంది.

తర్వాత నన్ను నేనే అనుమానించాను. మనసు బాగా నలిగిన మనిషి తను చేసిన పని తనే మరిచిపోవచ్చని చదివాను. అందుకని బస్సుకి బయల్దేరేముందు షట్టరు వేసి తాళాలు పక్క చెప్పుల షాపాయనకి ఇచ్చేసి, పొద్దున తీసుకునేవాణ్ణి. ఎందుకని అడిగితే తాళాలు ఎక్కడో పెట్టి మరిచిపోతున్నానని చెప్పాను. ఆయన జాలిగా చూశాడు. తేడా ఏమీ లేదు. పొద్దున్నకి వాటాలు తయారు.

ఇంకొకటి చేశాను. ఆ లోకమంతా కంప్యూటర్లో ఒక ఫైలుగా ఉంటుంది. షాపు మూసేముందు దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాను. పొద్దున కంప్యూటర్లో ఉన్న ఫైలు చూస్తే చివరిసారి మారిన సమయం నిన్న నేను మూసిన సమయమే. అంటే కంప్యూటర్ లెక్కలో ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఫైలు తెరిస్తే పెట్టెలో సరుకు లేదు. జేబులోంచి తీసిన కాపీ తెరిస్తే సరుకంతా ఉంది. రెండిటి మీదా ఒకటే సమయం. సింధుని పిలిచి చూపించాను. తను ఫోన్‌తో రెండిటికీ ఫొటోలు తీసింది. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి.

"మామయ్య పంచేస్తున్నాడు నాన్నా" అంది సింధు.

"నోరు మూసుకో" అన్నాను. ఆ పిల్లని అంత గట్టిగా కసరడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. మా వైపు మనిషి ఉన్నదంతా వాటాలు వేసేది ఎప్పుడో నాకు తెలుసు. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు. లేదా ఇక చాలు అనుకున్నప్పుడు. శీనుకి విడిపోవడానికి అన్నదమ్ములు లేరు.

ఆ రోజు నుంచి నాకూ వాడికీ పంతం పట్టినట్టయింది. పొద్దున వెళ్లగానే నా పెట్టెలోంచి, సింధు పెట్టెలోంచి వాడి వాటా తీసి వాడి పెట్టెలో పెట్టేవాణ్ణి. మర్నాటికి వాడు పంచేసేవాడు. "ఉంచుకోరా, నీ దగ్గర ఉంచుకో" అని తెరతో మాట్లాడుతున్నానని ఒకసారి జిరాక్స్‌కి వచ్చినాయన దగ్గితే గానీ తెలియలేదు.

పంచడానికి చోటు లేకుండా చేద్దామని ఒకరోజు నా పెట్టె, సింధు పెట్టె రెండూ పగలగొట్టేశాను. మర్నాడు ఆ పెట్టెలు ఉండే చోట నేల మీద రెండు కుప్పలు ఉన్నాయి. కళ్లంలో పోసినట్టు, మధ్యలో మనిషి నడిచేంత దారి వదిలి. మళ్లీ పెట్టెలు చేసి పెట్టాను.

ఆట తెరవడం మానేద్దామనుకున్నాను. ఒకరోజు మానేశాను కూడా. అక్కడ ఏం జరుగుతోందో తెలియకుండా ఉండటం ఇంకా కష్టమైంది.

ఆసుపత్రిలో వాడి పరిస్థితికీ దీనికీ సంబంధం ఉందేమోనని చూశాను. జ్వరం దిగిన రోజూ పంచాడు, ఫిట్స్ వచ్చిన రోజూ పంచాడు. నాకు ఏ లెక్కా కుదరలేదు. సాయంత్రం లోపలికి వెళ్లి మంచం పక్కన నిలబడేవాణ్ణి. గొట్టాలు, తెర మీద పాకే గీతలు, కట్టేసిన చేతులు. పొలం పనితో కాయలు కాసిన చేతులు అవి. చెవి దగ్గరికి వంగి, "ఎందుకురా పంచుతున్నావు?" అని అడిగాను. నర్సమ్మ విని, "ఏంటండీ?" అంది. ఏమీ లేదన్నాను.

ఒక్క దాని మీదే నాకు ఆశ ఉండేది. విత్తనాలు. ఎన్ని పంచినా పై వరసలో విత్తనాలు మాత్రం వాడి పెట్టెలోనే ఉండేవి. పొద్దున పెట్టె తెరవగానే ముందు అవి ఉన్నాయో లేదో చూసేవాణ్ణి. ఉంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఇలాంటి ఆశ ఇంకెవరైనా పెట్టుకుంటే నేనే నవ్వేవాణ్ణి.

ఒక పొద్దున అవి కూడా లేవు.

నా పెట్టెలో చూశాను. సింధు పెట్టెలో చూశాను. రెండిట్లోనూ లేవు. వెనక్కి తిరిగితే తలుపు పక్కన నాలుగో పెట్టె ఒకటి ఉంది. మేం చేసింది కాదు. దాని మీద పేరు లేదు. తెరిచాను. పైన రెండు గిన్నెలు. ఒకదాంట్లో పసుపు రంగు, ఇంకోదాంట్లో ఎర్ర రంగు. కింద విత్తనాలన్నీ.

ఆ రంగులు గోడలకి, బట్టలకి వేసుకోవడానికి ఆటలో దొరికేవే. ఎరుపు మా దగ్గర ఉండేది. పసుపు ఎప్పుడూ లేదు. కాలేజీకి బయల్దేరుతున్న సింధుని ఫోన్ చేసి పిలిచాను. తను చూసి, ఆ రంగు చేసే పువ్వు చిత్తడి నేలల అవతల దొరుకుతుందట, అంత దూరం మనం ఎప్పుడూ వెళ్లలేదు అంది. మ్యాపు తెరిచి చూపించింది. అటువైపంతా నల్లగానే ఉంది. అక్కడ ఎవరూ కాలు పెట్టలేదని అర్థం.

అంతలో షట్టరు దగ్గర పద్మ గొంతు వినిపించింది. బట్టలు మార్చుకుని వెళదామని పొద్దుటి బస్సుకి వచ్చింది. నేను ఫోన్ ఎత్తలేదని నేరుగా షాపుకే వచ్చింది. తనకి నేను ఇదేమీ చెప్పలేదు. మొహం పీక్కుపోయి ఉంది.

"ఏంటిద్దరూ ఇక్కడున్నారు? అదేంటి?" అంది తెర వైపు చూసి.

"మామయ్య ఇల్లమ్మా. ఆటలో" అంది సింధు.

దాచే ఓపిక నాకు లేకపోయింది. మొదటి నుంచి చెప్పేశాను. నాకు పిచ్చి పట్టిందనుకుంటుందని ఎదురు చూశాను. తను స్టూలు లాక్కుని కూర్చుని అంతా వింది. పద్మకి ఆటలంటే పడదు. మా ముగ్గుర్నీ కలిపి ఎన్నోసార్లు తిట్టింది. ఎప్పుడూ ఆ తెర వైపు తిన్నగా చూడలేదు.

"ఈ పసుపు, ఎరుపు ఎవరి పెట్టెలో ఉన్నాయి?" అంది.

"పేరు లేదు. ఎవరిదీ కాదు."

"మీవి మీకున్నాయిగా. ఇది నాదే అయ్యుంటుంది."

అప్పటిదాకా నాకు ఆ రెండు రంగులు రంగులే. తను ఆ మాట అన్నాక చూస్తే కళ్ల ముందు పసుపు కుంకుమలు. ఆడపడుచుకి పుట్టింటివాళ్లు పెట్టేవి.

"నేను వాటిని తీసి వాడి పెట్టెలో పెట్టేస్తాను" అన్నాను. "ఇన్నాళ్లూ అదే చేస్తున్నాను." మౌస్ మీద చెయ్యి వేశాను.

పద్మ నా మణికట్టు పట్టుకుంది. "పుట్టింటి పసుపు కుంకుమ వెనక్కి ఇస్తారాండీ ఎవరైనా?"

"పద్మా, వాడు అన్నీ వదిలేస్తున్నాడు. విత్తనాలు కూడా. ఇది మనం తీసుకుంటే..."

"మొన్న ఎండాకాలం రావాల్సినవాడు మామిడి కోతలని రాలేదు. తర్వాత పెడతానక్కా అన్నాడు. పెట్టాడు. నేను కాదంటే వాడేమనుకుంటాడు?"

పద్మ లేచి నిలబడి, కొంగు ముందుకి లాక్కుని రెండు చేతులా పట్టింది, ఆ కంప్యూటర్ తెర ముందు. ఆ కొంగులో ఏమీ పడలేదు. పడినట్టే దాన్ని ముడిచి, కళ్లకద్దుకుని, నడుముకి దోపుకుంది. సింధు గోడకి తిరిగి నిలబడింది. నేను ఎటు చూడాలో తెలియక కీబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాను.

"పదండి. బస్సుకి టైమవుతుంది" అంది.

మైలవరం దాటాక రమేశ్ ఫోన్ చేశాడు. రింగు వినగానే పద్మ నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఒకటే అనుకున్నాం. కానీ రమేశ్ ఏడుస్తూ, నవ్వుతూ చెప్పాడు. శీను కళ్లు తెరిచాడట. సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడట. సాయంత్రానికి గొట్టం తీసేస్తామన్నారట. పద్మ బస్సులోనే ముడుపు కట్టినట్టున్న ఆ కొంగు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ముందు సీట్లో ఎవరో పెద్దావిడ మంచినీళ్ల సీసా అందించింది.

శీను కళ్లు తెరిచే ఉన్నాడు. మేం వెళ్లి మంచం పక్కన నిలబడ్డాం. "శీనూ, అక్కనిరా" అంది పద్మ. ఆ కళ్లు తన మీద నుంచి గోడ మీదికి, గోడ మీద నుంచి ఫ్యాన్ మీదికి వెళ్లాయి. ఎక్కడా ఆగలేదు. ఇప్పుడే కళ్లు తెరిచాడు కదా, మెల్లగా తెలుస్తుందిలే అనుకున్నాం. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే.

ఇప్పుడు వాడు మా ఇంట్లోనే, ముందు గదిలో ఉన్నాడు. కిటికీ వైపు మంచం వేశాం. పద్మ చెంచాతో జావ నోట్లో పోస్తే మింగుతాడు. ఎత్తి కూర్చోబెడితే కూర్చుంటాడు. కాళ్లూ చేతులూ కదిలించడానికి ఒకబ్బాయి వచ్చి వెళతాడు. పిలిస్తే తిరగడు. టైం పడుతుందండి, ఎంతని చెప్పలేం అంటారు డాక్టరుగారు. రమేశ్ పొలం చూస్తున్నాడు.

ఒకసారి సింధు ల్యాప్‌టాప్ తెచ్చి వాడి ముందు పెట్టి ఆట చూపించింది. వాడి చేను, వాడి ఇల్లు. "మామయ్యా, నాన్న మళ్లీ నీ వీపు మీద గొడ్డలి వేస్తున్నాడు చూడు" అంది. వాడి కళ్లు తెర మీద నుంచి కూడా అలాగే జారిపోయాయి. తను మూసేసి లోపలికి వెళ్లిపోయింది.

ఈ సంగతి ఆ ఆట ఆడేవాళ్లు మాట్లాడుకునే చోట ఇంటర్నెట్‌లో రాసి అడిగాను. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో వివరంగా రాశాను, ఫొటోలు కూడా పెట్టాను. ఫైలు పాడైందని ఒకరన్నారు. పాడైన ఫైలు వాటాలు వేయదు కదా అన్నాను. మీ ఇంట్లో ఎవరో ఆటపట్టిస్తున్నారని ఇంకొకరన్నారు. నవ్వినవాళ్లూ ఉన్నారు. వాళ్ల చోట ఉంటే నేనూ నవ్వేవాణ్ణే. గ్రంథాలయంలో మెదడు గురించి ఉన్న పుస్తకాలన్నీ మళ్లీ చదివాను. స్పృహ లేని మనిషి డెబ్బై కిలోమీటర్ల అవతల, కరెంటు కట్టేసిన కంప్యూటర్లో ధాన్యం పంచడం గురించి వాటిలో ఏమీ లేదు. నేను మతిస్థిమితం తప్పి చేశానంటే తాళాలు నా దగ్గర లేవు. సింధు చేసిందంటే దారి లేదు. ఇది ఎందుకు జరిగిందో, ఎలా జరిగిందో నాకు తెలియదు. దయ్యం అనడానికి కూడా లేదు, మనిషి మా ముందు గదిలో ఊపిరి తీసుకుంటున్నాడు.

పద్మ కొంగు పట్టిన ఆ రోజు తర్వాత ఆటలో ఏదీ కదల్లేదు. తన పెట్టె ముట్టుకోవద్దంది, ముట్టుకోలేదు. నా పెట్టెలో, సింధు పెట్టెలో ఉన్న వాడి వాటా అంతా తెచ్చి వాడి పెట్టె నింపాను. మర్నాడు చూస్తే నిండుగానే ఉంది. అంతకుముందు నేను కోరుకున్నది అదే. ఆ పెట్టె నిండి ఉంటే చాలని, వాడు ఏదీ ఇవ్వకుండా ఉంటే చాలని ఎంత కొట్టుకున్నానో నాకు తెలుసు. వాటిని పంచినన్నాళ్లూ వాడు ఎక్కడో ఒకచోట ఉన్నాడని, ఏదో ఒక పని చేస్తున్నాడని అప్పుడు నాకు తోచలేదు.

ఇప్పుడు సాయంత్రం షాపు మూసేముందు కావాలనే వాడి సరుకు పాడు చేస్తాను. ధాన్యం తీసి చేపల్లో కలుపుతాను. ఇనుము నేల మీద పడేస్తాను. వాడు చూస్తే ఊరుకోలేడని. "ఇదేం పని బావా" అంటాడని.

పొద్దున షట్టరు ఎత్తి, కంప్యూటర్ వేసి, ముందు అదే చూస్తాను. పడేసినవి పడేసినట్టే ఉంటాయి.